విండ్‌మిల్ హిల్ కందకాలు కోటా, పశువుల దొడ్డా, గుడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటారు. వీకెండ్‌లో ఏవ్‌బరీ వెళ్లి, పక్కనే ఉన్న విండ్‌మిల్ హిల్ కూడా ఎక్కారు. అక్కడ 5,600 ఏళ్లకు పైబడిన మూడు వలయాల కందకాలు ఉన్నాయని చదివారు. మీ వారు అది కోట అంటున్నారు. ఏదో వీడియోలో పశువుల దొడ్డి అన్నారు. ఇంకోచోట గుడి అనీ, జాతర జరిగే చోటు అనీ రాశారు. సూర్యుడి లెక్కతో కట్టారనీ ఎక్కడో చదివారు. కొండ మీది గుండ్రటి దిబ్బల ఫొటోలూ పెట్టారు. ఏది నమ్మాలి?

మీ వారి మాట విండ్‌మిల్ హిల్ విషయంలో నిలవదు. అక్కడి నుంచి కారులో గంట ప్రయాణంలో ఉన్న క్రిక్లీ హిల్ విషయంలో మాత్రం బ్రహ్మాండంగా నిలుస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే కాలానివి, మొదట ఒకే పద్ధతిలో తవ్వినవి, పుస్తకాల్లో రెంటికీ ఒకటే పేరు: కాజ్‌వేడ్ ఎన్‌క్లోజర్, అంటే తెగిన కందకాల ఆవరణ. చిక్కంతా ఇక్కడే వస్తోంది. పేరు ఒకటే కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టి "ఇవి దేనికి?" అని అడిగితే, వచ్చే జవాబు ఏ ఒక్కదానికీ సరిగ్గా అతకదు. నేను దక్షిణ ఇంగ్లండ్‌లో తవ్వకాల పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఇలాంటి కందకాల్లో మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకినవాణ్ణి కాబట్టి కందకం నుంచే మొదలుపెడతాను.

ఈ కందకాలు ఒక్క గీతగా సాగవు. కొంత దూరం తవ్వి ఆపేస్తారు, రెండు మూడు అడుగులు వేసేంత నేల తవ్వకుండా వదిలేస్తారు, మళ్లీ ఇంకో ముక్క తవ్వుతారు. వలయం అంతా ఇలా ముక్కలు ముక్కలుగా తిరుగుతుంది. ఒక ముక్క అయిదారు మీటర్లు ఉంటే పక్కది ముప్ఫై మీటర్లు ఉండొచ్చు. ఒకటి లోతుగా, అడుగు చదునుగా ఉంటే దాని పక్కది లోతు తక్కువగా, వంకరటింకరగా ఉంటుంది. తవ్విన మట్టిని సాధారణంగా లోపలివైపు కట్టగా పోశారు. 1908-09లో విల్ట్‌షైర్‌లోని నాప్ హిల్‌ను కనింగ్‌టన్ దంపతులు తవ్వినప్పుడు ఈ సందులు తర్వాత పూడిపోయి ఏర్పడినవి కావనీ, మొదట్లోనే కావాలని వదిలినవనీ తేల్చారు. అప్పటి నుంచి నూటపదేళ్లకు పైగా అందరి బుర్రలూ తొలుస్తున్నది ఈ సందులే. శత్రువును ఆపడానికి కందకం తవ్వేవాడు ఇన్ని దారులు ఎందుకు వదులుతాడు?

1930ల నాటికి కొందరు దీనికి చెప్పిన సమాధానం ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కందకాల్లో కుండ పెంకులు, ఎముకలు, బొగ్గు బాగా దొరుకుతున్నాయి కాబట్టి జనం ఆ గోతుల్లోనే కాపురం ఉండేవారని అనుకున్నారు. ఇంగ్లండ్ వానాకాలంలో (అంటే ఏడాది పొడుగునా) ఒక సుద్ద గోతిలో ఒక్క రాత్రి పడుకుని ఉంటే ఆ సిద్ధాంతం రాసేవారు కారు.

విండ్‌మిల్ హిల్ కథ కాస్త చెప్పాలి. మార్మలేడ్ వ్యాపారంతో డబ్బున్న కుటుంబానికి వారసుడైన అలెగ్జాండర్ కెయిలర్, అక్కడ మార్కోనీ వైర్‌లెస్ స్టేషన్ వస్తుందన్న కబురు విని దాన్ని అడ్డుకోవడానికి 1924లో ఆ కొండనే కొనేశాడు. 1925 నుంచి 1929 దాకా తవ్వించాడు. ఆ ఫలితాల్ని పూర్తిగా ప్రచురించింది ఆయన కాదు. 1965లో ఇసబెల్ స్మిత్ అనే పండితురాలు. ఇవి జనం అప్పుడప్పుడు వచ్చి కలిసే చోట్లు అన్న వాదానికి గట్టి పునాది వేసింది ఆవిడే. అంతకుముందు 1954లో స్టువర్ట్ పిగ్గట్, శరదృతువులో మందల్ని తోలుకొచ్చి చలికాలానికి ముందు కొన్నిటిని కోసే చోటు కావచ్చన్నాడు. మీరు చూసిన వీడియో దొడ్డి మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇక తేదీలు. ఈ విషయంలో నిజంగా పెద్ద మార్పు తెచ్చింది ఏ కొత్త సిద్ధాంతమూ కాదు, తేదీలే.

మామూలుగా ఒక ఎముకకు రేడియోకార్బన్ పరీక్ష (అందులో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టే పరీక్ష) చేయిస్తే, ఈ కాలానికి, రెండు మూడు వందల ఏళ్ల వెడల్పున్న జవాబు వస్తుంది. ఇలాంటి జవాబులు పది పక్కపక్కన పెడితే ప్రతి ఆవరణా అయిదారు వందల ఏళ్లు నడిచినట్టు కనిపిస్తుంది. నిజానికి అది పరీక్షలోని మసక, చరిత్ర కాదు. అలస్‌డెయిర్ విటిల్, ఫ్రాన్సెస్ హీలీ, అలెక్స్ బేలిస్ కలిసి 2011లో బయటపెట్టిన అధ్యయనం ఈ మసకను తుడిచింది. వాళ్లు ఎంచుకున్న నమూనాలు చూడండి: కీళ్ల దగ్గర ఇంకా కలిసే ఉన్న ఎముకలు. వెన్నుపూసలు వరుస చెదరకుండా దొరికాయంటే వాటిని కీళ్ల పట్టీలు (లిగమెంట్లు) పట్టి ఉంచినప్పుడే, అంటే చచ్చిన కొద్దికాలానికే, అక్కడ వేశారన్నమాట. ఎప్పటిదో పాత ఎముక మట్టితో కలిసి వచ్చి చేరిందన్న అనుమానం ఉండదు. ఏ ఎముక దేని కింద ఉందో మట్టి పొరలు చెబుతాయి. ఈ రెండూ కలిపి గణాంక పద్ధతిలో లెక్క కడితే శతాబ్దాల వెడల్పు ఒకటి రెండు తరాలకు దిగివస్తుంది.

తేలింది ఏమిటంటే, బ్రిటన్ ఆగ్నేయ భాగానికి వ్యవసాయం, పశుపోషణ వచ్చింది సుమారు క్రీ.పూ. 4000 ప్రాంతంలో. మొదటి ఆవరణలు తవ్వింది క్రీ.పూ. 38వ శతాబ్దం చివర్లో. మధ్యలో మూడు వందల ఏళ్లు పోయాయి. ఆ తర్వాత ఒక్కసారిగా జోరు పెరిగింది, 37వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లో ఎక్కడ చూసినా ఇవే. విండ్‌మిల్ హిల్ మూడు వలయాలూ ఆ శతాబ్దంలోనివే: ముందు లోపలిది, తర్వాత వెలుపలిది, చివర మధ్యది. ఈ వరుస ఎవరూ ఊహించలేదు. మూడూ ఒకే ప్లాన్ ప్రకారం గీసిన బొమ్మ కావన్నమాట. కొన్ని ఆవరణలు మూడు శతాబ్దాలు నడిచాయి, డోర్సెట్‌లోని హాంబుల్డన్ హిల్ అలాంటిది. నాప్ హిల్ వందేళ్లు కూడా నడవలేదు. అదే డోర్సెట్‌లోని మెయిడెన్ కాసిల్‌లో ఉన్న తొలి ఆవరణ ఒకటి రెండు తరాల్లోనే ముగిసిపోయింది, తర్వాత దాని పూడిపోయిన కందకం మీదుగానే 546 మీటర్ల పొడవైన మట్టి దిబ్బ ఒకటి పోశారు.

ఈ మూడు వందల ఏళ్ల ఎడం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. సముద్రం దాటి వచ్చిన తొలి రైతులు ఈ అలవాటును మూటగట్టుకుని రాలేదు. యూరప్ ప్రధాన భూభాగంలో ఆవరణలు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు నుంచే ఉన్నాయి, రైన్ నది పరిసరాల్లో, ఉత్తర ఫ్రాన్స్‌లో క్రీ.పూ. 4000కు అటూ ఇటూ జోరుగా తవ్వుతూనే ఉన్నారు. ఇక్కడివాళ్లకు ఆ సంగతి వినికిడిలో ఉండి ఉండొచ్చు. అయినా పది పన్నెండు తరాలు అవసరం పడలేదు. తర్వాత పడింది. జనం పెరిగారు, మందలు పెరిగాయి, ఎవరి మేత నేల ఎక్కడిదాకా అన్న తగువులు మొదలై ఉంటాయి, పొడవాటి సమాధి దిబ్బలు అప్పటికే లేవడం మొదలైంది. ఆవరణలు పుట్టింది ఇలాంటి టెన్షన్ల మధ్యే అని నా అభిప్రాయం. కలుసుకోవాల్సిన అవసరమూ, కొట్టుకోవాల్సిన కారణమూ ఒకే చోట పెరుగుతాయి.

కొట్టుకోవడం అన్నాను కాబట్టి కోట సంగతి. గ్లోస్టర్‌షైర్‌లోని క్రిక్లీ హిల్‌ను ఫిలిప్ డిక్సన్ 1969 నుంచి 1993 దాకా ప్రతి వేసవిలోనూ తవ్వాడు. మొదట అక్కడా మామూలు తెగిన కందకాలే. చివరి దశలో మాత్రం వాటిని మార్చి, రెండే ద్వారాలతో, సందుల్లేని కందకం తవ్వి, వెనక దడి కట్టారు. ఆ దశ ముగిసింది దాడితో. ఆకు ఆకారంలో చెక్కిన చెకుముకి రాతి బాణపు మొనలు 400కు పైగా దొరికాయి. అవి కొండంతా చెదిరి లేవు, ద్వారాల దగ్గర, దడి వెంట గుమిగూడి ఉన్నాయి. దడి కాలిపోయింది. దీన్ని వేటగాళ్ల పని అని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. కార్న్‌వాల్‌లోని కార్న్ బ్రియాలో రాతి గోడల ఆవరణ ఉంది, అక్కడ 700కు పైగా బాణపు మొనలు, కాలిన గుర్తులు. హాంబుల్డన్ హిల్ మీదున్న చిన్న ఆవరణ కందకంలో, కాలి కూలిన కట్ట శిథిలాల నడుమ, ఛాతీలో బాణపు మొనతో ఒక యువకుడి అస్థిపంజరం కనిపించింది.

మీ వారికి ఇది చూపించండి, కానీ విండ్‌మిల్ హిల్ మీద ఇవేవీ లేవని కూడా చెప్పండి. అక్కడి వలయాలు కొండ శిఖరాన్ని చుట్టుకుని కూర్చోలేదు, ఉత్తరం వాలు మీదికి ఒరిగి ఉన్నాయి. రక్షణ కోసం కట్టేవాడు శిఖరాన్ని వదిలి వాలుకు పోడు. పైగా ఈ రోజు మనకు కనిపించే బోడి కొండ, చుట్టూ మైళ్ల దూరం కనిపించే దృశ్యం అప్పుడు లేవు. సుద్ద నేలలో నత్త గుల్లలు చెక్కుచెదరకుండా ఉంటాయి. చెట్ల నీడలో బతికే నత్తలు వేరు, ఎండ పడే గడ్డిలో బతికేవి వేరు. ఈ ఆవరణల్లో చాలాచోట్ల కందకం అడుగున నీడ నత్తలే ఎక్కువ. అంటే అడవి మధ్యలో చెట్లు నరికి చేసిన ఖాళీలో ఇవి ఉండేవి. ఎవరో వస్తున్నారని దూరం నుంచి కనిపెట్టే చోటు కాదు, దగ్గరికి వచ్చేదాకా కనబడని చోటు.

కోట వాదానికి ఇంకా పెద్ద ఇబ్బంది ఎట్టన్. పీటర్‌బరో దగ్గర వెలాండ్ నది వరద మైదానంలో, పల్లపు నేలలో ఉన్న ఆవరణ అది. ఫ్రాన్సిస్ ప్రయర్ 1982 నుంచి 1987 దాకా తవ్వాడు. చలికాలం వస్తే నీళ్లు నిండే చోట కోట కట్టడం, కాపురం పెట్టడం రెండూ కుదరవు. కానీ ఆ నీళ్ల పుణ్యమాని కర్ర, చెట్టు బెరడు, నారతాడు కుళ్లిపోకుండా మిగిలాయి. అక్కడ కందకపు ముక్కలు ఎలా ముగుస్తాయో చూడాలి. ప్రతి ముక్కకీ రెండు కొసలుంటాయి కదా, తవ్వని నేల మొదలయ్యే చోటు. ఏదైనా పెట్టాలంటే అక్కడ పెట్టారు. ఒక కొసలో బర్చ్ చెట్టు బెరడు పరిచి దాని మీద పగలని కుండ పెట్టారు. వేరేచోట్ల ఎముకలు కుప్పగా పోసి మట్టి కప్పారు. కొన్నేళ్లకో, ఒక తరానికో వచ్చి, పూడిన అదే ముక్కను మళ్లీ తవ్వి మళ్లీ పెట్టారు. పక్క ముక్కలో ఇంకోలా చేశారు. ఒక్కో ముక్క ఒక్కో కుటుంబానిదో, ఒక్కో వంశానిదో అని ప్రయర్ వాదన. నాకైతే అది ఒప్పుకోబుద్ధవుతుంది.

పెట్టడం వేరు, పారేయడం వేరు అని ఎలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. సుద్ద నేలలో కందకాన్ని అడ్డంగా కోసి గోడను తాపీతో శుభ్రం చేస్తే పొరలు స్పష్టంగా కనబడతాయి. అడుగున పదునైన అంచులున్న తెల్లటి సుద్ద ముక్కలు, మధ్యమధ్య ఖాళీలతో. అది మంచు పట్టి పక్కగోడలు రాలిన చెత్త. దాని మీద బూడిద రంగు మెత్తటి మట్టి, ఆపైన ముదురు గోధుమ రంగు మట్టి, అన్నిటికంటే పైన నాగలి తిరగేసిన నేల. ఈ పూడిక ఎంత వేగంగా జరుగుతుందో కొలవడానికి 1960లో ఓవర్టన్ డౌన్ మీద, మీరు వెళ్లిన ఏవ్‌బరీకి దగ్గర్లోనే, కొత్తగా ఒక కట్ట, కందకం తయారుచేశారు. 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్లకు ఒకసారి కోసి చూడాలని ప్లాన్. ఆధునిక పనిముట్లతో పాటు దుప్పి కొమ్ములతో, ఎద్దు భుజం ఎముకలతో కూడా తవ్వి పోల్చారు. తేలింది ఏమిటంటే, ఆ తెల్ల చెత్త మొదటి కొన్ని చలికాలాల్లోనే దబదబా పడిపోతుంది.

కాబట్టి ఆ తెల్ల చెత్తకు కింద, కందకం అడుగున, శుభ్రమైన సుద్ద మీద ఏదైనా దొరికితే అది తవ్విన ఏడాదిలోనే అక్కడికి చేరింది. హాంబుల్డన్ హిల్ పెద్ద ఆవరణలో అలా దొరికినవి మనిషి పుర్రెలు. కింది దవడలు లేవు. శరీరం ఎక్కడో ఎండి, శిథిలమై, పుర్రె విడిపోయాక దాన్ని తెచ్చి పెట్టారు. ఆ ఆవరణను 1974 నుంచి 1986 దాకా తవ్విన రోజర్ మెర్సర్, లోపలి నేల మీద శవాల్ని ఆరుబయట వదిలేసేవారేమో అన్నాడు. విండ్‌మిల్ హిల్‌లో ఎక్కువగా కనిపించేవి పశువుల ఎముకల కట్టలు. ఒకదానికొకటి ఆనుకుని, చుట్టూ నల్లమట్టితో, బుట్టలోనో సంచిలోనో తెచ్చి ఒక్కసారి కుమ్మరించినట్టు ఉంటాయి. వాటిలో కొన్నిటిని మూలుగ కోసం పగలగొట్టనేలేదు. తిండికి కటకటలాడే ఊళ్లో మూలుగ ఎముక వదిలిపెట్టరు. తిన్నదానికంటే కోసింది ఎక్కువ, అంతే.

దొడ్డి వాదం ఇక్కడ అక్కరకొస్తుంది, కాస్త మార్చుకుంటే. ఎముకల్లో ఆవులూ ఎద్దులే ఎక్కువ. హాంబుల్డన్‌లో పెద్ద వయసు ఆవుల ఎముకలు అధికంగా ఉండటం చూసి, ఇది పాడి మంద అని జంతు ఎముకల నిపుణుడు టోనీ లెగ్ 1981లోనే అన్నాడు. చాలామంది నమ్మలేదు. 2003లో విండ్‌మిల్ హిల్, హాంబుల్డన్ హిల్, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ ఆవరణల కుండ పెంకుల్లో ఇంకిపోయిన పాల కొవ్వు రసాయన పరీక్షల్లో బయటపడింది. పాడి ఉంది, మంద ఉంది. కానీ మందను కట్టడానికి కంచె చాలు. మనిషి ఎత్తు దాటిన లోతుకు సుద్దరాయిని కొమ్ములతో పెకలించి, ఆ కందకానికి ఆవు నడిచిపోయేంత సందులు వదిలి, దాన్ని దొడ్డి అనడం నాకు మింగుడుపడదు. మంద అక్కడికి వచ్చింది, నిజం. దాన్ని అక్కడ నిలబెట్టడం కోసమే ఇంత పని చేయలేదు.

మన దగ్గరి ఒక తవ్వకం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. మెయిడెన్ కాసిల్‌ను 1934-37లో తవ్విన మార్టిమర్ వీలరే 1944లో భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిని తవ్వాడు. ఆ తర్వాత పదేళ్లకు రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఒక బూడిద దిబ్బను తవ్వాడు. కర్ణాటక, రాయలసీమ, పాలమూరు ప్రాంతాల్లో ఇలాంటి దిబ్బలు వందకు పైగా ఉన్నాయి, అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఒకటి తవ్వారు. స్థానికులు వాటిని రాక్షసుల్ని కాల్చిన బూడిద అనేవారు. తెల్లదొరల్లో కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు లోహాలు కరిగించిన చోటు అన్నారు. ఉట్నూరులో బయటపడింది మొద్దుదుంగల దడి, దాని లోపల గట్టిపడిన నేల మీద పశువుల గిట్టల ముద్రలు, వాటి మీద కాలిన పేడ పొర, మళ్లీ కొత్త దడి, మళ్లీ గిట్టలు, మళ్లీ మంట. ఇది కచ్చితంగా పశువుల దొడ్డే. అయినా పేడను ఎరువుకు తోలకుండా గుట్టగా పోసి పదేపదే తగలబెట్టడం దొడ్డి పనికి అక్కర్లేదు. పశువుల్ని మంటల మీదుగా దాటించే మన పండుగ మంటలతో దీనికి సంబంధం ఉండొచ్చని ఆల్చిన్ అన్నాడు. తర్వాత కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య తవ్వినప్పుడు దిబ్బ పక్కన పశువుల్ని కోసే నేల కూడా దొరికింది.

కాలం వేరు, ఇంగ్లండ్ ఆవరణల కంటే ఉట్నూరు సుమారు వెయ్యేళ్లు తర్వాతిది. ఒకదాని నుంచి ఇంకోటి పుట్టలేదు. నేను చెప్పేది ఇంతే: మందే ఆస్తి అయిన జనాలకు దొడ్డి, విందు, మొక్కు, పెళ్లి మాటలు, బాకీల తీర్మానం వేర్వేరు చోట్లు కావు. మనం ఒక్కోదానికి ఒక్కో బిల్డింగ్ కట్టుకుంటాం కాబట్టి వాటిలో ఒకటి ఎంచుకోమని పురావస్తు శాస్త్రవేత్తను అడుగుతాం.

దూరం నుంచి జనం వచ్చారనడానికి విండ్‌మిల్ హిల్‌లోనే రుజువు ఉంది. అక్కడి కుండ పెంకుల్లో కొన్ని కార్న్‌వాల్ కొసన ఉన్న లిజార్డ్ ప్రాంతపు గాబ్రో అనే రాతి మట్టితో చేసినవి. అది 250 కిలోమీటర్లకు పైగా దూరం. రాతి గొడ్డళ్లు ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ నుంచి కూడా వచ్చాయి. ఇవన్నీ ఒక్క సంవత్సరంలో ఒక్క సంతకు వచ్చాయని కాదు, చేతులు మారుతూ వచ్చి ఉండొచ్చు. అయినా మామూలు ఊరి చెత్తలో ఇంత వైవిధ్యం కనిపించదు.

జాతర అన్న మాట మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది. చెప్పడానికి సులువు, మన చెవికి ఇంపు. కానీ జాతర అంటే ఒక దేవత, ఒక తిథి, ఏటేటా తిరిగి రావడం మనసులో మెదులుతాయి. ఇక్కడ దేవతకు ఆధారం లేదు. విగ్రహం లేదు, గర్భగుడి లాంటి నిర్మాణం లేదు, ఆవరణ నడిమధ్యన తవ్వితే తరచూ ఏమీ ఉండదు. గుడి అనడం నేల విడిచి సాము చేయడమే.

మరి నా జవాబు ఏమిటి? నా దృష్టిలో తవ్వడమే ఆ చోటికి మొదటి ప్రయోజనం. ఒక పెద్ద నాయకుడు ఉండి కూలీల చేత తవ్వించి ఉంటే కందకం నున్నగా, ఒకే లోతున వచ్చేది. ఇక్కడ కనబడేది అది కాదు. చెదురుమదురుగా బతికే గుంపులు ఒక చోట కలిసి, వలయం ఎక్కడ వెళ్లాలో ఒప్పుకుని, ఎవరి వంతు ముక్క వాళ్లు ఎవరికి తోచినట్టు తవ్వారు. వాటి మధ్య వదిలిన నేల వాళ్ల మధ్య హద్దు. అందుకే తీసుకొచ్చిన వస్తువుల్ని ఆ కొసల దగ్గర పెట్టారు. కలిసి తవ్వాక కలిసి తిన్నారు, చచ్చినవాళ్ల ఎముకల్ని పంచారు, మళ్లీ కొన్నాళ్లకు వచ్చి తమ ముక్కను బాగుచేసుకున్నారు. కొన్నిచోట్ల ఆ ఒప్పందం నిలిచింది. నాప్ హిల్ లాంటి చోట మొదలుపెట్టి పెద్దగా వాడకుండానే వదిలేశారు, అక్కడ దొరికిన వస్తువులు గుప్పెడే. క్రిక్లీలో ఎవరో ఒక వర్గం ఆ చోటును తమ సొంతం చేసుకుని సందులు మూసేసింది, తర్వాత బాణాలు పడ్డాయి. అది మొదట్నించీ కోట కాదు, కోటగా మారింది.

కోట వాదులు దీనికి ఒక సమాధానం ఇస్తారు, న్యాయంగా అది కూడా చెప్పాలి. కందకం మట్టి తీసుకోవడానికే, అసలు రక్షణ వెనకున్న కట్టది, దడిది, ముఠాలుగా తవ్వితే సందులు మిగలడం సహజం అంటారు. కట్ట కందకం కంటే తక్కువ సందులతో సాగిన చోట్లు ఉన్నాయి కూడా. అక్కడ వాళ్ల మాటకు బలం ఉంది. ఎట్టన్‌లో లేదు.

యూరప్ ప్రధాన భూభాగంలో ఇంకా పాత ఆవరణలు చూసినా ఇదే వరస. ఆస్ట్రియాలోని అస్పార్న్-ష్లెట్జ్ కందకంలో క్రీ.పూ. 5000 ప్రాంతంలో తలలు పగలగొట్టి చంపిన 60 మందికి పైగా శవాలు పడి ఉన్నాయి, వాటిలో యువతులవి చాలా తక్కువ. యువతుల్ని ఎత్తుకుపోయారని ఎక్కువమంది అర్థం చేసుకున్నారు. అదే తొలి రైతుల సంస్కృతికి చెందిన, అదే కాలపు హెర్క్స్‌హైమ్ జర్మనీలో ఉంది. ప్లాన్ మీద చూస్తే అదీ గుండ్రటి కందకమే. దగ్గరికెళ్తే అది ఏళ్ల తరబడి ఒకదాని పక్కన ఒకటి తవ్విన గుంటల వరుస, ఒకేసారి వలయంగా తెరిచి ఉన్నది ఎప్పుడూ లేదు. అందులో కనీసం 500 మంది ఎముకలు, కావాలని పగలగొట్టి, పుర్రెల పైభాగాలు వేరుచేసి, దూరప్రాంతాల మేలిరకం కుండలతో కలిపి వేశారు. నరమాంసం తిన్నారని కొందరు, అంత్యక్రియల తంతు అని కొందరు ఇంకా వాదులాడుకుంటున్నారు. ఆకారం చూసి పని చెప్పలేమనడానికి ఈ రెండు చోట్లు చాలు.

సూర్యుడి లెక్క గురించి కూడా అడిగారు. మీరు చదివింది బహుశా జర్మనీలోని గోసెక్ గురించి. క్రీ.పూ. 4900 ప్రాంతపు గుండ్రటి ఆవరణ అది, దాని దక్షిణం వైపు రెండు ద్వారాలు చలికాలపు అతి తక్కువ పగలు రోజున సూర్యోదయం, సూర్యాస్తమయం వైపు చూస్తాయి. అది చక్కగా గీసిన వలయం, లోపల దడులతో, వేరే రకం కట్టడం. విండ్‌మిల్ హిల్ సందుల్ని సూర్యుడికి కలపడం కుదరదు. అన్ని సందులుంటే ఏదో ఒకటి ఎటో ఒకవైపు చూస్తూనే ఉంటుంది.

మళ్లీ వెళ్తే ముందు ఏవ్‌బరీలోని అలెగ్జాండర్ కెయిలర్ మ్యూజియం చూడండి, కొండ మీద దొరికిన వస్తువులు అక్కడే ఉన్నాయి. సందులు కళ్లతో చూడాలంటే మాత్రం విండ్‌మిల్ హిల్ కంటే నాప్ హిల్ నయం. ఆల్టన్ బార్న్స్ పైన రోడ్డు పక్కనే కార్ పార్కింగ్ ఉంది, పది పదిహేను నిమిషాల నడక. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కట్ట, కందకపు ముక్కలు, వాటి మధ్య సందులు నీడల్లో విడివిడిగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే గడ్డి తప్ప ఏమీ కనబడదు. ఇంకోటి, విండ్‌మిల్ హిల్ మీద మీరు ఫొటోలు తీసి పెట్టిన గుండ్రటి దిబ్బలు ఈ ఆవరణకు సంబంధించినవి కావు. అవి కంచుయుగపు సమాధులు, కందకాలు పూడిపోయిన వెయ్యేళ్లకు పైగా తర్వాత పోసినవి.